‘లాస్ట్’ సీరియల్‌ను బైబిలు తెరిచి పెట్టుకుని చూడడం ఎలా

గుంటూరులో మా సంఘంలో ఆదివారం సాయంత్రాలు కాలేజీ పిల్లలకు వాక్యధ్యానం నేనే నడుపుతాను. ‘లాస్ట్’ చూసి వచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలు రెండే. కథలో దీవికి కాపలా ఉండే జేకబ్ అంటే దేవుడా? అతని శత్రువైన ఆ నల్లచొక్కా మనిషి సాతానా? రెండింటికీ అవునని చెప్పి, ముగింపు ప్రార్థన చేసి, ఇళ్లకు పంపేయవచ్చు. అలా చేస్తే సీరియల్‌కూ అన్యాయమే, బైబిలుకూ అన్యాయమే. పోలిక కుదిరిన చోట ఆగి చప్పట్లు కొట్టడం ఎవరైనా చేస్తారు. కుదరని చోట ఆగాలి, ఎందుకు కుదరలేదని అడగాలి. ఆ ఆగడం ఎలాగో రాస్తున్నాను.

ముందు నాలుగు ముక్కల్లో పరిచయం. అమెరికాలోని ఏబీసీ ఛానెల్‌లో 2004 సెప్టెంబరు 22న మొదలై, 2010 మే 23న ముగిసిన ఆరు సీజన్ల కథ ఇది. సిడ్నీ నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్తున్న ఓషియానిక్ 815 విమానం ఒక దీవిలో కూలిపోతుంది. బతికినవారికి అక్కడ నల్లటి పొగరూపంలో తిరిగే ఒక శక్తి, అడవిలో మనుషులు, భూగర్భంలో ప్రయోగశాలలు ఎదురవుతాయి. కథను చివరిదాకా నడిపించినవారు డేమన్ లిండెలాఫ్, కార్ల్‌టన్ క్యూస్. ఇక్కడి నుంచి ముగింపుతో సహా అన్నీ విప్పి చెబుతాను కాబట్టి, ఇంకా చూడనివారు వెళ్లి ఒకసారి మామూలుగా చూసి రండి. మొదటిసారి బైబిలు పక్కన వద్దు. ఏం జరుగుతుందో తెలియక గింజుకోవడమే మిస్టరీలోని సుఖం, దాన్ని పోగొట్టుకోకండి.

కావలసినవి

తెలుగు బైబిలు, ఒక నోటు పుస్తకం, తెరమీద ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు. పేర్లు వినగానే మన బైబిలులోని మనిషి గుర్తుకు రాకపోవచ్చు కాబట్టి మొదటి పేజీలో రాసి పెట్టుకోండి: జేకబ్ అంటే యాకోబు, బెంజమిన్ అంటే బెన్యామీను, ఏరన్ అంటే అహరోను, థామస్ అంటే తోమా.

తర్వాత ప్రతి ఎపిసోడ్‌కు ఒక పేజీ. నిలువుగా గీత గీసి ఎడమవైపు ‘కలిసింది’ అనీ, కుడివైపు ‘తిరగబడింది’ అనీ రాయండి. అడుగున కొంత చోటు వదిలి ‘ఎవరి నోట’ అని రాయండి. ఈ మూడోదే అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకో ముందుముందు తెలుస్తుంది.

ఎపిసోడ్ ముందు చూడాలి, వాక్యభాగం తర్వాత చదవాలి. వాక్యం ముందే చదివితే పిల్లలు కథ చూడరు, పోలికల వేటలో పడతారు. ఒకరు బిగ్గరగా చదవాలి, మిగిలినవారు పేజీ నింపాలి. ఇంకో మాట: హత్యలు, మాదకద్రవ్యాలు, చిత్రహింసలు ఉన్న కథ ఇది. సండే స్కూలు చిన్నపిల్లల ముందు పెట్టకండి.

మొదటి పాఠం యోషీయాతో

ఎక్కడ మొదలుపెట్టాలంటే రెండో సీజన్ తొమ్మిదో ఎపిసోడ్, ‘వాట్ కేట్ డిడ్’. మిస్టర్ ఎకో అనే నైజీరియా మనిషి, అదే విమానం నుంచి బతికి బయటపడిన జాన్ లాక్ ఎదుట కూర్చుని యోషీయా రాజు కథ చెబుతాడు. దేవాలయం పాడుబడింది, ప్రజలు విగ్రహాల వెంట పడ్డారు, రాజు బంగారం ఇచ్చి పనివాళ్లకు పంచమని తన కార్యదర్శిని పంపాడు. అతను తిరిగి వచ్చాడు. బంగారం లేదు, ఒక పుస్తకం దొరికిందన్నాడు. ఆ పుస్తకంతోనే రాజు దేవాలయాన్ని తిరిగి నిలబెట్టాడు, బంగారంతో కాదు. ఇలా చెప్పి ఎకో ఒక బైబిలును లాక్ చేతిలో పెడతాడు.

ఇప్పుడు రెండవ రాజులు 22వ అధ్యాయం, 3 నుంచి 11 వరకు చదివించండి. మా పిల్లల్లో చురుకైనవాళ్లు 9వ వచనం దగ్గరే చెయ్యి ఎత్తుతారు. బైబిలులో ఉన్నది వెండి. పైగా ఆ సొమ్ము పనివాళ్ల చేతికి చేరిందని శాస్త్రి షాఫాను రాజుకు స్పష్టంగా చెబుతాడు. ధర్మశాస్త్ర గ్రంథం దొరకడం దానికి అదనం. అంటే అక్కడ సొమ్మూ ఉంది, గ్రంథమూ ఉంది. ఎకో మాత్రం సొమ్మును తీసేశాడు.

ఇది కథారచయితల పొరపాటని కొట్టేయకండి. ఎకో ఎవరో వచ్చే ఎపిసోడ్‌లో తెలుస్తుంది: మత్తుమందుల వ్యాపారంలో మునిగి తేలినవాడు. అలాంటివాడు బంగారమో గ్రంథమో ఏదో ఒకటే మిగలాలనుకుంటాడు. తన జీవితాన్ని తిరగరాసుకుంటున్న మనిషి, వాక్యాన్ని కూడా తన వైపు కాస్త లాక్కుంటాడు. ఇక లాక్ ఆ బైబిలు తెరిస్తే లోపల పేజీలు తొలిచి ఉంటాయి, అందులో, దీవిలోని ప్రయోగశాలలు కట్టిన ధర్మ ఇనిషియేటివ్ అనే సంస్థ వారి ఫిల్మ్ ముక్క ఒకటి ఉంటుంది. దీన్ని ఏ వరుసలో రాయాలో పిల్లలనే తేల్చుకోనివ్వండి. నేనైతే ‘తిరగబడింది’లో రాస్తాను.

అన్నదమ్ములు, 23వ కీర్తన

పదో ఎపిసోడ్ పేరే ‘ద ట్వంటీ థర్డ్ సామ్’. ఎకో చిన్నప్పుడు ఊరిమీద సాయుధులు పడతారు. ఒక వృద్ధుణ్ని కాల్చమని తమ్ముడు యెమి చేతిలో తుపాకీ పెడతారు. యెమి వణికిపోతుంటే ఎకో తుపాకీ లాక్కుని తానే కాలుస్తాడు. అతని మెడలోని సిలువను తెంచి పారేసి, వాళ్లు అతన్ని తీసుకుపోతారు. పెద్దయ్యాక తమ్ముడు పాదిరి, అన్న ముఠా నాయకుడు.

ఇక్కడ చాలామంది కీర్తన ఒక్కటే చదివి ముగించేస్తారు. ఆదికాండము 4వ అధ్యాయం కూడా చదివించండి. కయీను తమ్ముణ్ని చంపి, ‘నా తమ్మునికి నేను కావలివాడనా’ అని దేవునికే ఎదురు ప్రశ్న వేశాడు. ఎకో ఆ ప్రశ్నకు అవునని జవాబిచ్చాడు, కానీ తుపాకీతో ఇచ్చాడు. తమ్ముడి చేతులు శుభ్రంగా ఉండాలని తన చేతులు పాడుచేసుకున్న కయీను అతను. చివరికి అతని మూలంగానే తమ్ముడు సైనికుల తూటాలకు బలైపోతాడు.

దీవిలో నల్లటి పొగ ఎకో ముందుకు వచ్చి నిలుస్తుంది. అతను పారిపోడు, కళ్లు దించడు. ఎపిసోడ్ చివర, యెమి శవం ఉన్న చిన్న విమానం కాలుతుంటే దాని ముందు నిలబడి కీర్తన చెబుతాడు. ‘గాఢాంధకారపు లోయలో’ అనే వచనాన్ని ముందు చేసి చూపించి, తర్వాత నోటితో అన్నాడన్నమాట. ఈ వరుసను పిల్లల చేత గుర్తింపజేయండి.

వెంటనే మూడో సీజన్ ఐదో ఎపిసోడ్‌కు దూకండి. చనిపోయిన యెమి ఎకోకు కనిపించి పాపాలు ఒప్పుకొమ్మంటాడు. ఎకో ఒప్పుకోడు: బతకడానికి చేయవలసింది చేశాను, క్షమాపణ అడగను అంటాడు. పొగ అతన్ని నేలకేసి కొట్టి చంపేస్తుంది. మొదటి యోహాను 1:8-9 చదివితే ఎకోదే తప్పనిపిస్తుంది. కానీ అడుగున ‘ఎవరి నోట’ దగ్గర ఏం రాస్తారు? ఆ యెమి యెమి కాదు. పొగే ఆ రూపంలో వచ్చింది. సరైన మాటను తప్పు నోరు పలికింది. లూకా 4:10-11లో అపవాది 91వ కీర్తనను తప్పు లేకుండా వల్లిస్తాడు. మంచిచెడుల విషయంలో ఈ సీరియల్ నేర్పేదాంట్లో సగం ఇక్కడే ఉంది: వచనం సరైనదైనంత మాత్రాన వక్తను నమ్మనక్కరలేదు.

రెండు శవపేటికలు

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం ఇది. దీనికి రెండు వారాలు ఇచ్చినా తప్పు లేదు.

మొదటి సీజన్ ఐదో ఎపిసోడ్‌లో డాక్టర్ జాక్ తన తండ్రి శవపేటికను అడవిలో కనుగొంటాడు. తెరిస్తే ఖాళీ. తండ్రి సూటు వేసుకుని దీవిలో తిరుగుతూ కనిపిస్తూనే ఉంటాడు. తండ్రి పేరు క్రిస్టియన్ షెపర్డ్, అంటే క్రైస్తవ కాపరి. పేరు మరీ బాహాటంగా ఉందని మీకు అనిపిస్తే, చివరి ఎపిసోడ్‌లో సాటి ప్రయాణికురాలు కేట్ కూడా ఆ పేరు విని, నిజంగానా అని నవ్వుతుంది.

ఐదో సీజన్ ఆరో ఎపిసోడ్ పేరు ‘316’. ఆ సంఖ్య వినగానే యోహాను 3:16 పిల్లల నోట్లో ఉంటుంది, అక్కడ ఆగనివ్వకండి. చర్చిలో తోమా చిత్రపటం ముందు నిలబడి, దీవిలోని మనుషులకు ఒకప్పుడు నాయకుడైన బెన్ (బెంజమిన్) జాక్‌కు తోమా కథ చెబుతాడు. ప్రభువుతో చనిపోవడానికైనా వెళ్దాం పదండి అన్న ధైర్యశాలి అతను, కానీ లోకం అతని అనుమానాన్నే గుర్తుంచుకుంది అంటాడు. యోహాను 11:16, 20:24-29 రెండూ చదవండి. బెన్ చెప్పింది అక్షరాలా నిజం. ఇప్పుడు ‘ఎవరి నోట’? తర్వాతి ఎపిసోడ్‌లోనే తెలుస్తుంది, జాన్ లాక్ మెడకు తాడు బిగించి చంపినవాడు ఈ బెన్నే.

అదే ఏడో ఎపిసోడ్‌లో, శవంగా విమానమెక్కిన లాక్ దీవిమీద లేచి తిరుగుతూ కనిపిస్తాడు. చనిపోవడం తనకు గుర్తుందంటాడు. మామిడిపండు తింటాడు. ఇక్కడ ఆపి లూకా 24:36-43 చదివించండి. తిరిగి లేచిన ప్రభువు శిష్యుల భయం తీర్చడానికి నన్ను పట్టి చూడండి అన్నాడు, వాళ్ల ఎదుట కాల్చిన చేప తిన్నాడు. ఎడమ వరుస నిండిపోతుంది, పిల్లలు సంబరపడతారు. పడనివ్వండి.

తర్వాత సీజన్ ఆఖరి ఎపిసోడ్, ‘ది ఇన్సిడెంట్’. జేకబ్ తరఫున వచ్చిన ఇలానా అనే ఆమె బృందం మోసుకొచ్చిన పెద్ద పెట్టెను ఇసుకలో తెరిస్తే లోపల లాక్ శవం! తిరుగుతున్నది అతని రూపం వేసుకున్న నల్లచొక్కా మనిషి. బైబిలులో సమాధి ఖాళీ, కనిపించినవాడు నిజం. ఇక్కడ క్రిస్టియన్ పేటిక ఖాళీ, దీవిలో జాక్‌ను తన వెంట తిప్పుకున్న రూపం అబద్ధం. ఆ వేషం తనదేనని నల్లచొక్కా మనిషి ఆరో సీజన్‌లో జాక్ ముందే ఒప్పుకుంటాడు. లాక్ పేటిక నిండుగా ఉంది, కాబట్టి తిరిగేవాడు అబద్ధమని తేలిపోయింది. సువార్తలో దేన్ని సాక్ష్యంగా చూపారో దాన్నే ఇక్కడ ఉచ్చుగా మార్చారు. అదే సమయంలో, దీవిలోని పెద్ద విగ్రహం నీడలో పడుకున్నది ఎవరన్న ప్రశ్నకు జేకబ్ అనుచరుడు రిచర్డ్ లాటిన్‌లో, మనందరినీ కాపాడేవాడు అని జవాబు చెబుతాడు. ఆ కాపాడేవాడు, అంటే జేకబ్, విగ్రహం లోపల బెన్ చేతిలో కత్తిపోటు తింటున్నాడు. మార్కు 15:31 దగ్గర పెట్టి చూడండి.

కవలల కథ

అదే ఎపిసోడ్ మొదటి సన్నివేశం చాలా చిన్నది, కానీ మూడుసార్లు చూడదగ్గది. సముద్రపు ఒడ్డున తెల్లచొక్కా జేకబ్ చేప కాల్చుకుంటాడు. నల్లచొక్కా మనిషి వస్తాడు. చేప తింటావా అని జేకబ్ అడిగితే, ఇప్పుడే తిన్నానంటాడు. ఆదికాండము 25లో ఆకలిగొన్న ఏశావు చిక్కుడుకాయల వంటకానికి జ్యేష్ఠత్వాన్నే అమ్ముకున్నాడు. ఈ తమ్ముడు మాత్రం అన్నం దగ్గర లొంగడు. అతని ఆకలి వేరు: దీవి వదిలి వెళ్లిపోవాలి, దానికి అడ్డుగా ఉన్న అన్న చావాలి.

ఆరో సీజన్ పదిహేనో ఎపిసోడ్ ‘అక్రాస్ ద సీ’ చూసి ఆదికాండము 25, 27 చదవండి. ఒక తల్లికి కవలలు పుడతారు. మంత్రసాని పని చేసిన స్త్రీయే ఆ తల్లిని రాతితో కొట్టి చంపి, పిల్లలను పెంచుకుంటుంది. తెల్లగుడ్డలో చుట్టినవాడికి జేకబ్ అని పేరుంది. నల్లగుడ్డలో చుట్టినవాడికి పేరే లేదు, కథ అయిపోయేదాకా ఉండదు. బైబిలులో యాకోబు చిన్నవాడు, ఇక్కడ మొదట పుట్టినవాడు. రిబ్కాకు యాకోబు ముద్దు, ఇక్కడి తల్లికి రెండోవాడు ముద్దు. మేకపిల్లల తోళ్లు చేతులకు కట్టుకుని అన్న వేషంలో గుడ్డి తండ్రిని మోసగించింది అక్కడ యాకోబు. ఇక్కడ చచ్చినవాళ్ల రూపాలు తొడుక్కునేది ఆ పేరులేని తమ్ముడు. కుడి వరుస ఒక్కసారిగా నిండిపోతుంది.

జేకబ్‌ను దేవుడనే పిల్లలకు ఇక్కడ అడ్డు తగలండి. బైబిలులో యాకోబు దేవుడు కాడు, దేవుడు ఎన్నుకున్న లోపాల మనిషి. తల్లిని చంపిన తమ్ముణ్ని ఈ జేకబ్ కోపంతో కొట్టి, వెలుగున్న గుహలోకి తోసేస్తాడు. అందులోంచి బయటికి వచ్చేదే ఆ నల్లటి పొగ. దీవిలోని చెడు పుట్టింది తెల్లచొక్కావాడి చేతుల మీదుగా.

రంగుల వలలో పడకండి

మొదటి సీజన్‌లోనే లాక్ బ్యాక్‌గామన్ ఆట నేర్పుతూ రెండు పక్షాలు, ఒకటి తెలుపు, ఒకటి నలుపు అంటాడు. అది ఎర. కొత్త పేజీ తీసి చొక్కాల రంగు మరిచిపోయి, ఎవరు ఎవరికి ఏం చేశారో మాత్రమే రాయించండి.

నల్లచొక్కావాడి కన్నతల్లిని చంపారు, అతను కలిసి బతికిన జనాన్ని మట్టుబెట్టారు, దీవి దాటనివ్వలేదు. అతని పగకు కారణం ఉంది. కానీ కారణం ఉన్నంత మాత్రాన అబద్ధాలు నిజాలు కావు. ‘అబ్ ఎటర్నో’ ఎపిసోడ్‌లో 1867 నాటి ఖైదీ రిచర్డ్‌కు ఇది నరకమని నమ్మించి, చనిపోయిన భార్యను చూపించి, సైతానును చంపమని కత్తి ఇస్తాడు. యోహాను 8:44 ఇక్కడ సరిపోతుంది.

జేకబ్ పేజీ కూడా తెల్లగా ఉండదు. లాస్ ఏంజెలెస్ వీధిలో దారి అడిగే నెపంతో, విమానం నుంచి బతికినవారిలో ఒకడైన సయీద్‌ను ఆపుతాడు, అదే క్షణంలో అతని భార్య నాడియాను కారు గుద్దేస్తుంది. సయీద్‌ను కాపాడాడా, ఆమెను పోనిచ్చాడా? మనుషులు తప్పొప్పులు వాళ్లంతట వాళ్లే తెలుసుకోవాలని తాను చెప్పకుండా ఉంటానంటాడు. ఆ మౌనంలో ఎందరో నలిగిపోయారు. నా మొత్తం జీవితం ఇచ్చాను, నా సంగతేమిటి అని బెన్ అడిగితే, నీ సంగతేమిటి అని తిరిగి అడుగుతాడు. బెన్ కత్తి దించుతాడు. అర్పణ అంగీకరించబడని కయీనును ఇక్కడ తలచుకోవచ్చు. అయితే కయీనును దేవుడు ముందే హెచ్చరించాడు, ఆదికాండము 4:7లో దారి చూపించాడు. బెన్‌కు ఆ మాట చెప్పినవాడు లేడు. మా పిల్లలు ఈ చోట జేకబ్ మీద కోప్పడతారు, ఆ కోపం న్యాయమైనదే.

చివరికి అతను మారిన ఆనవాలు ఒకటుంది. తాను తప్పు చేశానని నలుగురి ముందు ఒప్పుకుంటాడు. దీవికి తర్వాతి కాపలాదారు కాగలవారి జాబితాలోంచి తన పేరు ఎందుకు కొట్టేశావని కేట్ అడిగితే, అది గుహలో సుద్దగీత మాత్రమే, నీకు కావాలంటే ఆ పని నీదే అంటాడు. పేరులేనివాడు ఎవరికీ అలాంటి ఎంపిక ఇవ్వలేదు. ఇద్దరి మధ్య నాకు కనిపించిన గట్టి తేడా ఇదే.

అతి చేయకుండా ఉండాలంటే

4, 8, 15, 16, 23, 42 అనే సంఖ్యలు తెరమీద పడగానే ఒక్కొక్కదానికీ ఒక వచనం వెతికే పిల్లలుంటారు. 23కు ఎపిసోడ్ పేరే సాక్ష్యం, సరే. మిగిలినవాటికి ఆధారం చూపమనండి. ‘క్యాచ్-22’ ఎపిసోడ్‌లో, జరగబోయేది ముందే కనిపించే డెస్మండ్ ఒకప్పుడు ఉన్న మఠంలోని ద్రాక్షారసం సీసా మీద మోరీయా అనే పేరు ఉంటుంది, అబ్రాహాము ఇస్సాకుల మాట వస్తుంది. ఆ కథ ఉన్నది ఆదికాండము 22లో. ఇది చూసి ఎగిరి గంతేయవద్దు, అక్కడ పట్టుకోవలసింది వేరు: ఇస్సాకుకు బదులు దొరికిన పొట్టేలు ఇక్కడ దొరకలేదు. చనిపోతాడని డెస్మండ్‌కు ముందే కనిపించిన చార్లీ ఆ రోజు తప్పించుకున్నా, సీజన్ చివర తానే చావును ఒప్పుకుని నీళ్లలో పోతాడు.

పాత్రలే అతి చేసే చోటు కూడా ఉంది. ఎకో కర్రమీద ‘కన్నులెత్తి ఉత్తరం చూడు, యోహాను 3:05’ అని చెక్కి ఉంటుంది. ఆ మాట యోహానులో లేదు, ఆదికాండము 13:14లో ఉంది. లాక్ దాన్ని దిక్సూచి కొలతగా తీసుకుని అడవిలోకి నడుస్తాడు. గుహలోని రెండు అస్థిపంజరాలకు ఆదాము హవ్వలని పేరు పెట్టింది కూడా లాక్. అవి తల్లివీ, ఆమెను చంపిన కొడుకువీ అని ఆరో సీజన్‌లో తెలుస్తుంది. పాత్ర నోట బైబిలు పేరు వచ్చినంత మాత్రాన పోలిక రుజువైపోదు.

అంతా క్రైస్తవమేనని కూడా పట్టుపట్టవద్దు. విగ్రహం ఐగుప్తు దేవతది. ప్రయోగశాలల్లో పలకరింపు నమస్తే. చివరి చర్చి కిటికీ అద్దంలో అనేక మతాల గుర్తులుంటాయి.

తక్కువ వారాలే ఉంటే

యోషీయా, ఎకో సోదరులు, రెండు పేటికలు, కవలలు. ఈ నాలుగూ వదలకండి. జాక్‌ను క్రీస్తుతో పోల్చడం చివరికి ఉంచండి, అది కష్టపడనక్కరలేని పోలిక: ప్రక్కలో కత్తిపోటు, సాటి ప్రయాణికుడు హర్లీకి అందించిన నీళ్లు, తనవారి కోసం పోయిన ప్రాణం. యోహాను 10:11, 19:34 చదివి ముందుకు పోవచ్చు.

ఆ చివరి ఎపిసోడ్‌లో ఎక్కువసేపు బెన్ దగ్గర ఆగండి. చర్చి బయట లాక్‌ను క్షమాపణ అడుగుతాడు, లాక్ క్షమిస్తాడు, అయినా లోపలికి వెళ్లకుండా అక్కడే కూర్చుంటాడు. లూకా 15:25-32లోని పెద్దకొడుకు కూడా బయటే నిలబడ్డాడు, కోపంతో. బెన్ బయట ఆగిపోయింది దేనితో? తండ్రి బయటికి వచ్చి బతిమాలితే అతను లోపలికి వెళ్లాడో లేదో సువార్త చెప్పదు, సీరియలూ చెప్పదు. ఈ ప్రశ్న వేసే వారం ధ్యానం ఒక గంట ముందుగా మొదలుపెట్టి, టీ రెండు ఫ్లాస్కులు తెప్పించండి. మా దగ్గర వాచ్‌మన్ గేటు వేస్తానని వచ్చేదాకా వాదన ఆగదు.